గ్రోత్ హార్మోన్‌ను ‘సహజంగా’ పెంచే పెప్టైడ్లు: పెరిగేదేమిటి, పెరగనిదేమిటి

అమెరికాలోని ‘యాంటీ ఏజింగ్’ క్లినిక్‌లలో చాలా ఏళ్లుగా వినిపిస్తున్న ఒక మాట యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌ల మీదుగా మన జిమ్ముల దాకా వచ్చింది. గ్రోత్ హార్మోన్‌ను బయటి నుంచి ఎక్కించుకోనక్కర్లేదని, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి చేతనే దాన్ని ఎక్కువగా విడుదల చేయించవచ్చని, రాత్రి పడుకోబోయే ముందు పొట్ట మీద చిన్న సూదితో ఒక పెప్టైడ్ (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు) వేసుకుంటే మిగతాదంతా సహజంగానే జరిగిపోతుందని ఆ మాట సారాంశం. సెర్మోరెలిన్, సీజేసీ-1295, ఇపామోరెలిన్ అన్నవి ఈ సందర్భంలో తరచుగా వినిపించే పేర్లు. ఈ వాదనలో శరీరధర్మానికి సంబంధించిన సగం చాలావరకు నిజమే. ఈ పెప్టైడ్లు గ్రోత్ హార్మోన్‌ను పెంచుతాయి, అందుకు ఆధారాలకు కొదవ లేదు. చిక్కంతా రెండో సగంతోనే. హార్మోన్ పెరిగితే కండబలం, చురుకుదనం, యవ్వనం తిరిగి వస్తాయన్నది దశాబ్దాల పరిశోధన తర్వాత కూడా రుజువు కాలేదు. జనం డబ్బు పెట్టి కొంటున్నది మాత్రం ఆ రెండో సగాన్నే.

గ్రోత్ హార్మోన్ 191 అమైనో ఆమ్లాల గొలుసు. పిట్యూటరీ గ్రంథి ముందు భాగంలోని కణాలు దీన్ని ఏకధారగా కాకుండా విడతలు విడతలుగా రక్తంలోకి వదులుతాయి. గాఢనిద్ర మొదలైన కాసేపటికి వచ్చే విడత సాధారణంగా రోజు మొత్తంలో పెద్దది. రక్తంలోకి వచ్చిన హార్మోన్‌లో సగం సుమారు 20 నిమిషాల్లోనే కనుమరుగవుతుంది. అందువల్ల పగటిపూట ఏదో ఒక సమయంలో రక్తం తీసి గ్రోత్ హార్మోన్ కొలిస్తే, పూర్తి ఆరోగ్యంతో ఉన్న మనిషికి కూడా దాదాపు సున్నా రావచ్చు. అలాంటి ఒక్క రిపోర్టును ముందు పెట్టి ‘మీకు లోపం ఉంది’ అని తేల్చేవారిని నమ్మనక్కర్లేదు. ఈ హార్మోన్ ప్రభావంతో కాలేయం తయారుచేసే ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్ రక్తంలో రోజంతా ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటుంది కాబట్టి, వైద్యులు ముందుగా దాన్నే చూస్తారు. అయితే అది కూడా వయసును బట్టి, పోషణను బట్టి మారుతుంది, కనుక దానితోనే తీర్పు చెప్పడం కుదరదు.

పిట్యూటరీ ఎప్పుడు ఎంత వదలాలన్నది దాని పైన, మెదడులో ఉన్న హైపోథాలమస్ నిర్ణయిస్తుంది. అక్కడి నుంచి వచ్చే జీహెచ్‌ఆర్‌హెచ్ యాక్సిలరేటర్‌లా పనిచేస్తే, సొమాటోస్టాటిన్ బ్రేకులా పనిచేస్తుంది. బ్రేకు ముందు దొరికింది: 1973లో రోజర్ గిల్లెమిన్ ప్రయోగశాల సొమాటోస్టాటిన్‌ను గుర్తించింది. మెదడు నుంచి వెలువడే పెప్టైడ్ హార్మోన్ల మీద చేసిన కృషికి గిల్లెమిన్, ఆండ్రూ షాలీ 1977లో నోబెల్ బహుమతి అందుకున్నారు. యాక్సిలరేటర్ దొరకడానికి 1982 దాకా పట్టింది, అదీ మెదడులో కాదు. చేతులు, పాదాలు, దవడలు అసాధారణంగా పెరిగే అక్రోమెగలీ జబ్బుతో ఉన్న కొందరిలో మూలం పాంక్రియాస్‌లోని కణితి అని తేలింది. ఆ కణితుల్లోంచే జీహెచ్‌ఆర్‌హెచ్‌ను వేరుచేశారు. అది 44 అమైనో ఆమ్లాల పెప్టైడ్. అయితే పిట్యూటరీని కదిలించడానికి మొదటి 29 సరిపోతాయి. ఆ 29 అమైనో ఆమ్లాల ముక్కనే మందుగా తయారుచేసి సెర్మోరెలిన్ అని పేరు పెట్టారు.

పిట్యూటరీని ప్రేరేపించే రెండో దారి కథ దీనికన్నా ఆసక్తికరమైనది. అమెరికాలోని టులేన్ విశ్వవిద్యాలయంలో సిరిల్ బవర్స్ బృందం, మెదడులో నొప్పిని తగ్గించే ఎన్‌కెఫాలిన్ అనే పెప్టైడ్‌ను అటూ ఇటూ మార్చి చూస్తుండగా, కొన్ని రూపాలు గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయిస్తున్నట్టు గమనించింది. ఆరు అమైనో ఆమ్లాల జీహెచ్‌ఆర్‌పీ-6 ఆ క్రమంలోనే 1980లలో వచ్చింది. అది జీహెచ్‌ఆర్‌హెచ్ గ్రాహకం (కణం మీద హార్మోన్ వచ్చి అతుక్కునే చోటు) మీద పనిచేయడం లేదని తెలుసు గానీ, దేని మీద పనిచేస్తోందో చాలాకాలం తెలియలేదు. మెర్క్ శాస్త్రవేత్తలు 1996లో ఆ గ్రాహకాన్ని గుర్తించారు. ఆ గ్రాహకానికి శరీరం తయారుచేసే అసలు హార్మోన్ ఏదన్న ప్రశ్నకు 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా జీర్ణాశయంలో జవాబు కనుగొన్నారు. అదే గ్రెలిన్, మనకు ఆకలి పుట్టించే హార్మోన్. మందు ముందు పుట్టి, దానికి తగిన హార్మోన్ చాలా ఏళ్ల తర్వాత శరీరంలో దొరకడం వైద్య చరిత్రలో తరచుగా జరిగేది కాదు. గ్రెలిన్ గ్రాహకం మీదనే పనిచేస్తుంది కనుక జీహెచ్‌ఆర్‌పీ-6 తీసుకున్నవారికి విపరీతమైన ఆకలి వేస్తుంది. నోవో నోర్డిస్క్ పరిశోధకులు 1998లో వెల్లడించిన ఇపామోరెలిన్ ఐదు అమైనో ఆమ్లాలదే అయినా, కార్టిసాల్ వంటి ఇతర హార్మోన్లను పెద్దగా కదిలించకుండా గ్రోత్ హార్మోన్‌ను మాత్రమే పెంచడం దాని ప్రత్యేకత.

‘సహజం’ అన్న ప్రచారానికి ఉన్న శాస్త్రీయ ఆధారం ఇక్కడే ఉంది. బయటి నుంచి ఎక్కించిన గ్రోత్ హార్మోన్‌ను ఆపే యంత్రాంగం శరీరంలో లేదు. ఎంత ఎక్కిస్తే అంత పనిచేస్తుంది. పెప్టైడ్‌తో పిట్యూటరీని ప్రేరేపించినప్పుడు మాత్రం, ఐజీఎఫ్-1 పెరిగిన కొద్దీ సొమాటోస్టాటిన్ కూడా పెరిగి, తదుపరి విడతను అదుపు చేస్తుంది. సెర్మోరెలిన్ వంటి పొట్టి పెప్టైడ్లు నిమిషాల వ్యవధిలో కరిగిపోతాయి కాబట్టి విడతల తీరు కూడా చాలావరకు నిలుస్తుంది. ఇంతవరకు వాదన సమంజసమే.

సీజేసీ-1295 దగ్గరికి వచ్చేసరికి అదే వాదన బలహీనపడుతుంది. మాంట్రియల్‌లోని కాంజుకెమ్ కంపెనీ రూపొందించిన ఈ అణువుకు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కునే ఒక కొక్కెం ఉంటుంది. దాంతో నిమిషాల్లో పోవలసిన పెప్టైడ్ దాదాపు వారం రోజులు నిలిచి ఉంటుంది. 2006లో ప్రచురితమైన అధ్యయనాలలో విడతలు కొనసాగాయి గానీ, విడతకూ విడతకూ మధ్య దాదాపు సున్నాకు దిగాల్సిన హార్మోన్ స్థాయి ఏడు రెట్లకు పైగా పెరిగిపోయింది. మధ్యమధ్య ఖాళీ లేకపోవడం శరీరం ఎరిగిన పద్ధతి కాదు. అదే ఏడాది హెచ్‌ఐవీ రోగులపై జరుగుతున్న పరీక్షలో ఒక వ్యక్తి గుండెపోటుతో మరణించడంతో ప్రయోగాన్ని ఆపేశారు. మందుకూ మరణానికీ సంబంధం లేదని చికిత్స చేసిన వైద్యుడు అభిప్రాయపడినా, ఆ తర్వాత ఆ మందు ముందుకు సాగలేదు. ఇవాళ ఇంటర్నెట్‌లో ‘డీఏసీ లేని సీజేసీ-1295’ పేరుతో అమ్మేది నిజానికి ఆ కొక్కెం లేని వేరే అణువు, నాలుగు చోట్ల మార్పులు చేసిన సెర్మోరెలిన్ రూపం. ఒకే పేరుతో రెండు వేర్వేరు అణువులు అమ్ముడవుతుంటే, ఒకదాని మీద జరిగిన అధ్యయనాన్ని రెండోదానికి ఆధారంగా చూపించడం మామూలైపోయింది.

ఇక ఫలితాల సంగతి. ఈ మోజుకు మూలం 1990 జూలైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో డేనియల్ రుడ్మన్ బృందం ప్రచురించిన చిన్న అధ్యయనం. అరవై దాటిన 12 మంది పురుషులకు ఆరు నెలల పాటు గ్రోత్ హార్మోన్ ఇస్తే కొవ్వు లేని శరీర బరువు 8.8 శాతం పెరిగింది, కొవ్వు 14.4 శాతం తగ్గింది. ఆ పేపరు అంకెలను ఆ తర్వాత ఎన్ని ప్రకటనలు వాడుకున్నాయంటే, అదే పత్రిక 2003లో ఆ దుర్వినియోగం గురించి సంపాదకీయం రాయవలసి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి పరిశీలించిన 2007 నాటి సమీక్షలో, కొవ్వు లేని బరువు సగటున రెండు కిలోలు పెరగడం, కొవ్వు దాదాపు అంతే తగ్గడం నిజమేనని తేలింది. దానితో పాటు వాపులు, కీళ్ల నొప్పులు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం కూడా తేలాయి. ఇక్కడ ఒక సాంకేతిక విషయం గుర్తుంచుకోవాలి. స్కానింగ్ రిపోర్టులో ‘లీన్ మాస్’ అని కనిపించేది అంతా కండ కాదు, అందులో నీరు కూడా ఉంటుంది. గ్రోత్ హార్మోన్ ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపి ఉంచుతుంది.

పిట్యూటరీని ప్రేరేపించే మందుల్లో వృద్ధుల మీద ఎక్కువ కాలం, శ్రద్ధగా పరీక్షించినది ఎంకే-677. ఐబ్యుటమోరెన్ అని కూడా పిలిచే ఇది పెప్టైడ్ కాదు, నోటితో వేసుకునే మాత్ర, కానీ గ్రెలిన్ గ్రాహకం మీదనే పనిచేస్తుంది. అందుకే పెప్టైడ్ల పక్కనే దీన్నీ అమ్ముతుంటారు. కొందరు స్టెరాయిడ్ తరహా కండమందుల జాబితాలో కూడా చేరుస్తారు, అది తప్పు. 2008లో వెలువడిన రెండేళ్ల పరీక్షలో 60 నుంచి 81 ఏళ్ల మధ్య వయసున్న 65 మందికి దీన్నో, ఉత్తుత్తి మాత్రనో ఇచ్చారు. మందు వేసుకున్నవారిలో గ్రోత్ హార్మోన్, ఐజీఎఫ్-1 ఆరోగ్యవంతులైన యువకుల స్థాయికి చేరాయి. ప్రచారం వాగ్దానం చేసే అంకె సరిగ్గా ఇదే. కొవ్వు లేని బరువు ఒక కిలోకు కొంచెం పైగా పెరిగింది. కండరాల బలం మాత్రం పెరగలేదు, రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యమూ మెరుగుపడలేదు. పరగడుపు చక్కెర సగటున డెసిలీటరుకు 5 మిల్లీగ్రాములు పెరిగింది, ఇన్సులిన్ పనితనం తగ్గింది. రక్తపరీక్షలో యవ్వనం వచ్చింది, కుర్చీలోంచి లేచే కాళ్లకు రాలేదు.

ఇదొక్కటే అయితే చిన్న అధ్యయనం అని పక్కన పెట్టవచ్చు. అదే మందును అల్జీమర్స్ రోగులు 563 మందికి ఏడాది పాటు ఇచ్చి చూసినప్పుడు ఐజీఎఫ్-1 బాగా పెరిగింది, జబ్బు మాత్రం తన దారిన తాను సాగింది. తుంటి ఎముక విరిగి కోలుకుంటున్న వృద్ధుల మీద జరిగిన మరో పరీక్షను, గుండె వైఫల్యం కేసులు మందు తీసుకున్న వర్గంలో ఎక్కువగా కనిపించడంతో మధ్యలోనే ఆపేశారు. ప్రతికూల ఫలితాలే ఉన్నాయనడం న్యాయం కాదు. కాప్రోమోరెలిన్ అనే మరో మందుతో 395 మంది వృద్ధుల మీద జరిగిన పరీక్షలో, ఆరు నెలలకు సరళరేఖ మీద అడుగు వెంట అడుగు వేసే నడక, ఏడాదికి మెట్లెక్కే సామర్థ్యం కొద్దిగా మెరుగయ్యాయి. ఆ పరీక్ష కూడా అనుకున్నంత కాలం సాగలేదు. ఆ మందు చివరికి పశువైద్యంలో స్థిరపడింది. తిండి మానేసిన కుక్కలకు ఆకలి పుట్టించడానికి అమెరికాలో 2016లో దానికి అనుమతి దొరికింది. ఇపామోరెలిన్‌ను కూడా కంపెనీలు మరిచిపోలేదు. పేగు ఆపరేషన్ల తర్వాత స్తంభించిన జీర్ణవ్యవస్థను కదిలించడానికి దాన్ని మనుషుల మీద పరీక్షించారు, ప్రయోజనం రుజువు కాలేదు. క్లినిక్‌లు చెప్పే ఉపయోగాలకు, అంటే కండపుష్టికి, నిద్రకు, చర్మకాంతికి, ఇపామోరెలిన్, సీజేసీ జంటను దీర్ఘకాలం పరీక్షించిన పెద్ద ప్రయోగం ఏదీ లేదు.

రక్తంలో చక్కెర పెరగడాన్ని దుష్ప్రభావాల జాబితాలో ఒక మాటగా చెప్పి వదిలేయడం మన విషయంలో సరిపోదు. గ్రోత్ హార్మోన్ స్వభావతః ఇన్సులిన్‌కు ఎదురు పనిచేస్తుంది. కొవ్వును కరిగించి రక్తంలోకి వదలడం, కండరాలు చక్కెరను తీసుకోకుండా తగ్గించడం ఉపవాస వేళల్లో దాని విధి. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహులున్నారు, ఇంకో పదమూడు కోట్ల అరవై లక్షల మంది దాని అంచున ఉన్నారు. నలభై దాటి, కాస్త పొట్ట వచ్చి, తల్లికో తండ్రికో షుగర్ ఉన్న తెలుగు పురుషుడు, అతను వరంగల్‌లో ఉన్నా డాలస్‌లో ఉన్నా, ఈ పెప్టైడ్ల ప్రకటనలకు సరిగ్గా తగిన కొనుగోలుదారు. ఆ మందు వల్ల ముందుగా నష్టపోయే అవకాశం ఉన్నవాడూ అతనే. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగితే గ్రోత్ హార్మోన్ దానంతట అదే తగ్గుతుంది, బరువు తగ్గితే తిరిగి కొంత కోలుకుంటుంది. అలాంటప్పుడు ‘లోపం’ అని చూపించే అంకె చాలామందిలో జబ్బుకు కారణం కాదు, ఆ బరువుకు పర్యవసానం.

వయసుతో ఈ హార్మోన్ తగ్గడం అసలు లోపమేనా అన్నది మరింత లోతైన ప్రశ్న. పిట్యూటరీ నుంచి గ్రోత్ హార్మోన్ రాని ఏమ్స్ మరుగుజ్జు ఎలుకలు మామూలు ఎలుకల కంటే చాలా ఎక్కువ కాలం బతుకుతాయి. ఈక్వెడార్ దక్షిణ ప్రాంతంలో లారాన్ సిండ్రోమ్‌తో పుట్టి, గ్రోత్ హార్మోన్ ప్రభావం లేకుండా పెరిగినవారిలో క్యాన్సర్, మధుమేహం అత్యంత అరుదని 2011లో తేలింది. బ్రెజిల్‌లోని ఇటాబయానిన్యా పట్టణ ప్రాంతంలో జీహెచ్‌ఆర్‌హెచ్ గ్రాహకం పుట్టుకతోనే పనిచేయని కుటుంబాలున్నాయి. సెర్మోరెలిన్ ఏ తాళంలో తిరుగుతుందో ఆ తాళమే వాళ్లలో లేదు. వాళ్లు పొట్టిగా ఉంటారు, ఆయుర్దాయం మాత్రం ఇతరులతో సమానంగానే ఉంటుంది. దీన్నిబట్టి హార్మోన్ తక్కువగా ఉండడమే మేలని తీర్మానించలేం. కానీ ‘తగ్గింది కాబట్టి నింపాలి’ అన్న తర్కం నిలవదు. ఐజీఎఫ్-1 కణాల విభజనను ప్రోత్సహిస్తుంది కనుకనే ఈ తరగతి మందులను క్యాన్సర్ ఉన్నవారికి ఇవ్వకూడదన్న హెచ్చరిక ఉంది.

ఈ తరగతిలో వయోజనుల చికిత్సకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం పొందిన పెప్టైడ్ టెసామోరెలిన్. దీన్నిబట్టి చూస్తే మంచి ఆధారం ఎలా ఉంటుందో తెలుస్తుంది. హెచ్‌ఐవీ మందులు వాడుతున్న కొందరికి కాళ్లూ చేతులూ సన్నబడి, పొట్ట లోపలి అవయవాల చుట్టూ కొవ్వు పేరుకుంటుంది. అలాంటి 412 మంది మీద జరిగి 2007లో ప్రచురితమైన పరీక్షలో, 26 వారాలకు ఆ లోపలి కొవ్వు మందు తీసుకున్నవారిలో 15 శాతం తగ్గింది, తీసుకోనివారిలో 5 శాతం పెరిగింది. ఆ ఆధారంతో 2010 నవంబరులో అనుమతి వచ్చింది. జబ్బు ఏదో స్పష్టంగా ఉంది, కొలిచింది సరిగ్గా ఆ జబ్బునే, లాభం ఎంతో తెలుసు. పరిమితి కూడా తెలుసు: మందు ఆపితే కొవ్వు తిరిగి చేరుతుంది. సెర్మోరెలిన్‌కు సైతం ఒకప్పుడు అనుమతి ఉండేది. ఎదుగుదల లోపించిన పిల్లల చికిత్సకు 1997లో ఆమోదించారు, 2008లో కంపెనీయే దాన్ని మార్కెట్ నుంచి తప్పించింది. భద్రత లోపించి తొలగించింది కాదని తర్వాత ఎఫ్‌డీఏ స్పష్టం చేసింది. వృద్ధాప్యాన్ని వాయిదా వేయడానికి దాన్ని ఎన్నడూ ఆమోదించలేదు.

మరి ఆమోదం లేనివి ఇంత విరివిగా ఎలా అమ్ముడవుతున్నాయి? అమెరికాలో ఇందుకు చట్టమే ఒక దారి తెరిచింది. 1990 నాటి చట్టం ప్రకారం, అనుమతించిన జబ్బులకు కాకుండా గ్రోత్ హార్మోన్‌ను పంపిణీ చేయడం ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం. అక్కడ మిగతా మందుల్లో వైద్యుడికి ఉండే స్వేచ్ఛ ఈ ఒక్క హార్మోన్ విషయంలో లేదు. ఆ చట్టం పరిధి హార్మోన్ వరకే, దాన్ని విడుదల చేయించే పెప్టైడ్ల పేరు అందులో లేదు. క్లినిక్‌లు సెర్మోరెలిన్ వైపు మళ్లడానికి ‘సహజం’ అన్న సుగుణం కన్నా ఈ వెసులుబాటే పెద్ద కారణమని అనుకోవడానికి ఆస్కారముంది. ఇపామోరెలిన్, సీజేసీ-1295 వంటివాటిని 2023లో ఎఫ్‌డీఏ భద్రతా సందేహాలున్న పదార్థాల వర్గంలో చేర్చడంతో, వాటిని స్వయంగా తయారుచేసి ఇచ్చే ప్రత్యేక ఫార్మసీలకు ఇబ్బంది మొదలైంది. ఆ డిమాండులో కొంత ‘పరిశోధన కోసం మాత్రమే, మనుషుల వాడకానికి కాదు’ అన్న లేబుల్‌తో వచ్చే సీసాల వైపు మళ్లింది.

ఆ సీసాను దగ్గరగా చూస్తే ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. అడుగున తెల్లని పొడి, మీద రబ్బరు మూత, లేబుల్ మీద 5 మి.గ్రా. అన్న అంకె. దానిలో నీరు కలుపుకోవలసింది కొన్నవాడే. రెండు మిల్లీలీటర్లు కలిపితే, మిల్లీలీటరుకు 100 గీతలుండే ఇన్సులిన్ సిరంజి మీద ఒక్కో గీతకు 25 మైక్రోగ్రాములు వస్తాయి, ఒక మిల్లీలీటరే కలిపితే 50. సిరంజి మీది గీతలు ఇన్సులిన్ యూనిట్లు, పెప్టైడ్‌కు వాటితో సంబంధం లేదు. ఈ లెక్క తప్పితే మోతాదు రెండింతలో పదింతలో అవుతుంది, అది చెప్పేవారు పక్కన ఉండరు. లోపల లేబుల్ మీది పెప్టైడే ఉందా, తయారీలో మిగిలిన సగం గొలుసులున్నాయా, బ్యాక్టీరియా విషాలున్నాయా అన్నది కంటికి కనిపించదు. హైదరాబాద్‌లో పెప్టైడ్ ముడిమందులు తయారుచేసి విదేశాలకు పంపే కంపెనీలు ఉన్నాయి. అలాంటి తయారీలో ప్రతి బ్యాచ్ శుద్ధతను పరీక్షించి కాగితం మీద పెట్టడమే పనిలో పెద్ద భాగం. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సీసా వెనుక ఆ కాగితం ఉండదు, ఉన్నా దాన్ని నిజమని నమ్మడానికి దారి ఉండదు.

క్రీడాకారుల విషయంలో సందిగ్ధమే లేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ జాబితాలో సెర్మోరెలిన్, టెసామోరెలిన్, సీజేసీ-1295, ఇపామోరెలిన్, ఐబ్యుటమోరెన్ పేరుపేరునా ఉన్నాయి, పోటీ ఉన్నా లేకపోయినా ఏడాది పొడవునా నిషిద్ధం. మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా పాటించేది కూడా అదే జాబితా. ఇంజెక్షన్ ఇచ్చింది కోచ్ అయినా, డబ్బా మీద పేరు రాయకపోయినా, మూత్ర నమూనాలో దొరికితే జవాబు చెప్పుకోవలసింది క్రీడాకారుడే.

నిజమైన గ్రోత్ హార్మోన్ లోపం ఉన్న పెద్దలు లేకపోలేదు. పిట్యూటరీలో కణితికి ఆపరేషనో రేడియేషనో జరిగినవారు, తలకు బలమైన గాయమైనవారు, చిన్నప్పుడే లోపం బయటపడినవారు వీరిలో ఎక్కువ. గ్రంథే దెబ్బతిన్నవారికి దాన్ని ప్రేరేపించే పెప్టైడ్ ఇచ్చి లాభం లేదు, వదలడానికి లోపల హార్మోన్ ఉండాలి కదా. వారికి నేరుగా గ్రోత్ హార్మోనే ఇస్తారు. ఇలాంటి చరిత్ర ఏదీ లేకుండా నలభైల్లో నీరసం, నిద్రలేమి, కండ తగ్గడం మొదలైతే వైద్యుడు థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల చక్కెర సగటు), బీ12, నిద్రలో శ్వాస ఆగే జబ్బు వంటివాటిని ముందు చూస్తాడు. అనుమానం నిజంగా పిట్యూటరీ మీదే ఉంటే ఎండోక్రైనాలజిస్టు ప్రేరేపణ పరీక్ష చేస్తాడు. గ్రెలిన్ గ్రాహకం మీద పనిచేసే మాసిమోరెలిన్‌కు ఎఫ్‌డీఏ 2017 డిసెంబరులో ఇచ్చిన అనుమతి ఇందుకోసమే. పరగడుపున ఒకసారి తాగించి, 30, 45, 60, 90 నిమిషాల దగ్గర రక్తం తీస్తారు. నాలుగింటిలో ఒక్కదానిలోనైనా గ్రోత్ హార్మోన్ మిల్లీలీటరుకు 2.8 నానోగ్రాములు దాటితే లోపం లేనట్టే లెక్క.